రికార్డర్‌లో జాగా

ఇంట్లో టీవీ రికార్డర్ ఉన్నవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. డిస్కు నిండిపోతోందని తెర మీద ఓ మూల చిన్న హెచ్చరిక వస్తుంది. అది ఇంటిల్లిపాదికీ కనపడేదే, కానీ పట్టించుకునేది ఒక్కరే. ఫ్రిజ్‌లో వెనకవరసలో మూడు రోజుల నాటి పులుసు గిన్నె ఎవరి కంట పడుతుందో, ఈ హెచ్చరిక కూడా వాళ్ల కంటే పడుతుంది. మావారు మ్యాచ్ రికార్డింగ్ పెడతారు, పిల్లలు సినిమా పెడతారు, అత్తయ్యగారు ప్రవచనం పెట్టమంటారు. ఖాళీ చేసే పని మాత్రం నాది.

పదేళ్లకు పైగా ఈ పని చేస్తూ, అసలిది ఎక్కణ్నుంచి వచ్చిందా అని వీలున్నప్పుడల్లా చదువుతూ వచ్చాను. టీవీ కార్యక్రమాలు దాచడం మొదలైన రోజునే ఏది చెరపాలన్న తగువు కూడా మొదలైందని అర్థమైంది. దాచే యంత్రాలు కనిపెట్టిన వాళ్ల గురించి బోలెడు రాశారు. చెరిపిన వాళ్ల గురించి అంతగా రాయలేదు. ఈసారి ఆ కథ చెప్పుకుందాం.

వీడియో టేపు యంత్రాన్ని అమెరికాలో ఆంపెక్స్ అనే కంపెనీ 1956 ఏప్రిల్‌లో నలుగురికీ చూపించింది. ధర 50,000 డాలర్లు. టేపు వెడల్పే రెండంగుళాలు. దాన్ని టీవీ కంపెనీలు కొన్నది పదికాలాలు దాచుకుందామని కాదు. అమెరికా తూర్పు తీరానికీ పడమటి తీరానికీ గడియారంలో మూడు గంటల తేడా. న్యూయార్కులో సాయంత్రం వార్తలు చదివే వేళకి కాలిఫోర్నియాలో జనం ఇంకా ఆఫీసుల్లోనే ఉంటారు. అందుకని 1956 నవంబరు 30న సీబీఎస్ వాళ్లు డగ్లస్ ఎడ్వర్డ్స్ చదివిన వార్తల్ని టేపు మీద పట్టి, మూడు గంటలాగి పడమటివాళ్లకి వేశారు. పన్లో ఉండి చూడలేనిది తీరిక దొరికాక చూడటం, అంతే. మనం ఇంట్లో చేసేదీ అదే.

గంటసేపు పట్టే టేపు అప్పట్లో సుమారు 300 డాలర్లు. అంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని ఒక్కసారి వాడి బీరువాలో పెడతారా? తుడిచి మళ్లీ వాడేవాళ్లు. చిన్నప్పుడు మనం పలక మీద రాసి, పంతులమ్మ చూడగానే తుడిచేసి మళ్లీ రాసేవాళ్లం కదా, అదే పద్ధతి.

ఆ తుడిచినవాటి విలువ తర్వాత తెలిసింది. ఇంగ్లండులో బీబీసీ వాళ్లు 1963లో మొదలుపెట్టిన 'డాక్టర్ హూ' అనే సీరియల్ ఇప్పటికీ ప్రపంచమంతా చూస్తున్నారు. దాని 1960ల నాటి ఎపిసోడ్లలో తొంభైకి పైగా ఇవాళ బొమ్మతో సహా ఎక్కడా లేవు. టేపులు మళ్లీ వాడుకోవడానికి తుడిచారు. విదేశాలకి అమ్మడానికి తీసిన ఫిల్మ్ కాపీలని గడువు తీరిందని పారేశారు. వాళ్లది దుర్మార్గం అనుకోను. పాత ఎపిసోడ్ మళ్లీ వేయాలంటే నటులకి మళ్లీ డబ్బు కట్టాలి, ఒప్పందాలు చూసుకోవాలి. రంగుల టీవీ వచ్చేశాక నలుపు తెలుపుది ఎవరడుగుతారు అనుకున్నారు. అల్మరా నిండిపోయింది, కొత్త సరుకు వస్తోంది, పాతది ఎవరూ అడగట్లేదు. ఆ స్థితిలో నేనున్నా అదే చేసేదాన్నేమో.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ పోయిన ఎపిసోడ్లన్నింటికీ మాటలు మాత్రం మిగిలాయి. అప్పట్లో ఆ సీరియల్ పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఇళ్లల్లో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకుని శబ్దం పట్టుకున్నారు. అంత పెద్ద సంస్థ పారేసినదాన్ని ఇళ్లల్లోని కుర్రకారు దాచిపెట్టింది. ఆ తర్వాత 2013లో నైజీరియాలోని జాస్ అనే ఊళ్లో ఒక టీవీ కేంద్రంలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికినట్టు ప్రకటించారు. పారేయమన్నవి పారేయకుండా అల్మరాలో మర్చిపోయిన పుణ్యాత్ములు అక్కడెవరో ఉన్నారన్నమాట.

ఇంతకంటే ఆశ్చర్యం నాసాది. 1969లో చంద్రుడి మీద మనిషి కాలుపెట్టినప్పుడు అక్కణ్నుంచి నేరుగా వచ్చిన బొమ్మ, మనం టీవీల్లో చూసినదానికంటే స్పష్టంగా ఉన్న బొమ్మ, టేపుల మీద పట్టారు. ఆ టేపులకోసం ఏళ్ల తరబడి వెతికి, చివరికి తుడిచి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో వాళ్లే తేల్చారు. చంద్రమండలం సంగతే అలా ఉంటే మన సీరియల్ ఒక లెక్కా!

యంత్రం ఇళ్లకి వచ్చింది 1970లలో. సోనీ వాళ్ల బీటామ్యాక్స్ 1975లో, జేవీసీ వాళ్ల వీహెచ్‌ఎస్ 1976లో. సినిమా కంపెనీలకి కోపం వచ్చి సోనీ మీద దావా వేశాయి. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1984 జనవరిలో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు మరోవైపు అయ్యి, ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పుకాదని తీర్పు వచ్చింది. అందులో నన్ను ఆకట్టుకున్నది వాళ్లు చెప్పిన కారణం. జనం ఎక్కువగా చేసేది వేళకి చూడలేనిదాన్ని పట్టుకుని తర్వాత ఒకసారి చూడటమే అని కోర్టు గమనించింది. గ్రంథాలయాలు కట్టడానికి కాదు, చూసి చెరిపేస్తారు అన్న లెక్క మీదే చాలావరకు ఆ తీర్పు నిలిచింది. చెరిపేవాళ్లు లేకపోతే మనకి రికార్డు చేసుకునే హక్కు అంత తేలిగ్గా వచ్చేది కాదేమో!

మన దగ్గరికి వీసీఆర్‌లు ఎక్కువగా 1982 ఢిల్లీ ఏషియాడ్ తర్వాత, రంగుల టీవీలతో పాటు వచ్చాయి. మా పెదనాన్నగారింట్లో ఉన్నది మస్కట్ నుంచి వచ్చింది. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం పొద్దున్నే రామాయణం వచ్చేది. మొత్తం 78 భాగాలు. ఒక్కొక్కటి అరగంట పైచిలుకు. మూడు గంటల క్యాసెట్లో అయిదు పడతాయనుకున్నా పదిహేను క్యాసెట్లు దాటుతుంది. క్యాసెట్లు చవక కాదు. అందుకని మా పెదనాన్న రెండే రెండు క్యాసెట్లతో బండి లాగారు. ఊరెళ్లినవాళ్లు వచ్చి చూసేదాకా ఉంచడం, చూడగానే దాని మీదే పై వారం పట్టడం. సీతాకల్యాణం మాత్రం చెరపడానికి పెద్దమ్మ ఒప్పుకోలేదు. దానికోసం మూడో క్యాసెట్ కొన్నారు.

క్యాసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ పలుకు ఉండేది, గుర్తుందా? దాన్ని విరిచేస్తే ఇక దాని మీద రికార్డు కాదు. పెళ్లి క్యాసెట్లన్నింటికీ విరిచేసేవాళ్లు. కానీ విరిచిన చోట సెల్లోటేపు ముక్క అంటిస్తే యంత్రం మళ్లీ మోసపోతుంది. మా బంధువుల కుర్రాడొకడు ఆ కిటుకు కనిపెట్టాడు. అందుకే మా అక్క పెళ్లి క్యాసెట్లో అప్పగింతల దగ్గర, అందరూ కళ్లు తుడుచుకునే వేళకి, ఠక్కున చిత్రలహరి మొదలవుతుంది. ఇప్పటికీ మా అక్క వాణ్ని క్షమించలేదు. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు.

ఆ రోజుల్లో జాగా సరిపోకపోతే ఒక ఉపాయం ఉండేది. కొన్ని వీసీఆర్‌లలో టేపు సగం వేగంతో తిరిగేలా పెట్టుకోవచ్చు. మూడు గంటల క్యాసెట్లో ఆరు గంటలు పడుతుంది. బొమ్మ కాస్త పలచబడుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు పాలల్లో నీళ్లు పోసి అందరికీ కాఫీ సరిపెట్టినట్టు.

చెరపని మనిషి గురించి కూడా చెప్పాలి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ ఉండేవారు. ఒకప్పుడు లైబ్రేరియన్‌గా పనిచేశారు. 1979లో ఇరాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం వాళ్లని బందీలుగా పట్టుకున్నప్పటి నుంచి, టీవీ వార్తల్ని ఇంట్లో రాత్రింబవళ్లు రికార్డు చేశారు. ఒకేసారి అనేక యంత్రాలు నడిచేవి. 2012 డిసెంబరులో కన్నుమూసే దాకా ఆపలేదు. సుమారు 70,000 క్యాసెట్లు. వాటికోసం వేరే ఇళ్లు తీసుకోవాల్సి వచ్చింది. ఆరేసి గంటలకి క్యాసెట్ మార్చాలి కాబట్టి ఇంట్లో వాళ్ల వేళలన్నీ దాని చుట్టూ తిరిగేవి. బయట భోజనానికి వెళ్లినా మధ్యలో లేచి రావాల్సిందే. ఆవిడ పోయాక కొడుకు ఆ క్యాసెట్లన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థకిచ్చారు. ఛానెళ్లు దాచుకోని వార్తలెన్నో ఆవిడ దగ్గర మిగిలాయి. ఆవిడ మీద 2019లో 'రికార్డర్' అని డాక్యుమెంటరీ వచ్చింది. అందరూ ఆవిడ పట్టుదలని మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ నా మనసు ఆ ఇంట్లో మిగిలినవాళ్ల మీదకే పోతుంది. 70,000 క్యాసెట్ల మధ్య నడవడానికి దారి చేసుకుంటూ బతికిన మనుషులు వాళ్లు.

క్యాసెట్ పోయి డిస్కు వచ్చింది 1999లో. టీవో, రీప్లేటీవీ అని రెండు కంపెనీల డబ్బాలు అమెరికాలో ఆ ఏడాదే బయటికొచ్చాయి. టీవోలో 14 గంటలదీ 30 గంటలదీ అని రెండు రకాలు. ఆ 14 గంటలు కూడా బొమ్మని అన్నిటికంటే పలచగా పట్టినప్పటి మాట. మంచి బొమ్మ కావాలంటే అందులో మూడో వంతు గంటలకో ఎంతకో దిగిపోవాలి. క్యాసెట్ అయితే నిండితే ఇంకోటి కొంటాం. డిస్కు డబ్బాలోనే ఉండిపోయింది. జాగాకి హద్దు పడింది. అప్పుడే చెరిపే పనిని మొదటిసారి యంత్రానికి అప్పజెప్పారు.

టీవో పద్ధతి ఇది. ఏ రికార్డింగైనా జాగా అవసరం పడేదాకానే ఉంటుంది. అవసరం పడితే అన్నిటికంటే పాతది పోతుంది. వద్దనుకుంటే 'నేను చెరిపేదాకా ఉంచు' అని చెప్పుకోవాలి. సీరియల్‌కైతే చివరి అయిదు భాగాలే ఉంచు అని కూడా చెప్పొచ్చు. ఖాళీ ఉంటే మన అభిరుచి కనిపెట్టి తనకి తోచినవి కూడా రికార్డు చేసిపెట్టేది, మనవాటికి జాగా కావాల్సినప్పుడు ముందు వాటినే తీసేసేది. ఖాళీ డబ్బా కనపడితే చాలు, ఏదో ఒక పచ్చడి పెట్టి పంపే పక్కింటి పిన్నిగారిలాగా.

2002లో ఐజాక్ రిచర్డ్స్ అనే ఆయన మిత్‌టీవీ అని ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. మామూలు కంప్యూటర్నే రికార్డర్‌గా మార్చుకోవచ్చు, ఉచితం. అందులో చెరపడానికి ఎన్ని ఏర్పాట్లో! పాతది ముందా, మనం తక్కువ ముఖ్యమని చెప్పింది ముందా, లేక ఒకసారి చూసేసింది ముందా అని ఎంచుకోవచ్చు. చూసేసింది ముందు పోవాలన్నది ఇంజనీర్లు ఆలోచించి పెట్టారు. నేనైతే ఆ మాట ఒప్పుకోను. మా ఇంట్లో మళ్లీ మళ్లీ చూసేది చూసేసినవాటినే. చూడకుండా ఆరు నెలలు పడి ఉన్న ఇంగ్లీషు సినిమా ఇంకెప్పటికీ చూడరు.

అందులోనే ఇంకో ముచ్చట ఉంది. చెరపడం అంటే నిజానికి డిస్కు మీది బొమ్మని తుడవడం కాదు. ఫలానా చోట ఫలానాది ఉందన్న పట్టికలో పేరు కొట్టేయడమే. దాని మీద కొత్తది పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. కానీ చాలా పెద్ద ఫైలైతే ఆ కొట్టేయడానికి కూడా కొన్ని రకాల డిస్కు అమరికల్లో చాలా సేపు పట్టేది, ఆ సేపట్లో అప్పుడు నడుస్తున్న రికార్డింగ్ దెబ్బతినేది. అందుకని ఫైలుని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ చెరిపే ఏర్పాటు పెట్టారు. బియ్యం బస్తా ఒక్కసారి గుమ్మరించకుండా చేటతో తోడినట్టు.

మన దేశంలో డిస్కున్న డబ్బాలు ఇళ్లల్లోకి రావడం 2008లో టాటా స్కై ప్లస్‌తో ఊపందుకుంది. సుమారు 45 గంటలు పడుతుందని చెప్పేవాళ్లు. మా పెదనాన్న లెక్కలో ఇంచుమించు ఒక రామాయణం. తర్వాత మిగతా డీటీహెచ్ కంపెనీలూ తెచ్చాయి. మేమూ ఒకటి తీసుకున్నాం.

ఈ డబ్బాలతో వచ్చిన మార్పు ఒకటి పైకి కనపడదు. వీసీఆర్‌కి గానీ తొలి టీవోకి గానీ బొమ్మని పలచగా పట్టమని చెప్పుకోవచ్చు. డీటీహెచ్‌లో బొమ్మ ముందే అంకెలుగా మారి వస్తుంది. డబ్బా దాన్ని వచ్చింది వచ్చినట్టు డిస్కు మీద వేసుకుంటుంది. నీళ్లు కలిపే వీలు లేదు. హెచ్‌డీ ఛానెల్ అయితే మామూలు ఛానెల్‌కి రెండింతలు, మూడింతలు తింటుంది. మధ్యలో ముక్క కోసి మిగతాది ఉంచుకోవడమూ మా డబ్బాలో కుదరదు. ఉంచితే మొత్తం ఉంచాలి, తీస్తే మొత్తం తీయాలి.

మా ఇంట్లో చిక్కంతా ఇక్కడే వచ్చింది.

మా మామయ్యగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2013లో ఒక అష్టావధానంలో ఆయన్ని అప్రస్తుత ప్రసంగానికి కూర్చోబెట్టారు. అవధాని పద్యం కట్టుకుంటుంటే మధ్యలో అడ్డుపడి ఏదో ఒక చిలిపి ప్రశ్న వేసి ఏకాగ్రత చెదరగొట్టాలి, అదీ ఆ పని. ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ కార్యక్రమం ఒక భక్తి ఛానెల్‌లో వస్తే రికార్డు చేశాం. మొత్తం రెండు గంటలు. అందులో ఆయన మాటలన్నీ కలిపితే ఏడెనిమిది నిమిషాలుంటాయి. కానీ ఒకచోట ఉండవు. అడ్డుపడేవాడి మాటలు ఒకచోట ఎలా ఉంటాయి? ఆ రెండు గంటల నిండా చిలకరించినట్టు ఉన్నాయి.

2016లో ఆయన పోయారు. దిన కార్యక్రమాలయ్యాక ఒకరోజు అత్తయ్యగారిని అడిగాను, పెట్టమంటారా అని. "వద్దమ్మా, చూడలేను. కానీ ఉండనీ" అన్నారు. ఉంచాను. దానికి తాళం గుర్తు పెట్టాను. ప్రతి వారం జాబితా కిందికి జరిపేటప్పుడు ఆ పేరు దగ్గరికి రాగానే వేలు కాస్త తొందరగా నొక్కేదాన్ని, రిమోట్ దానిమీద ఆగకూడదని. మావారు మ్యాచ్‌కి జాగా చాల్లేదని ఎన్నిసార్లు విసుక్కున్నా, ఆ రెండు గంటల ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. కొడుకు కదా.

మూడేళ్లకి డబ్బా మొరాయించడం మొదలుపెట్టింది. రికార్డింగ్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఫోన్ చేస్తే కంపెనీ అబ్బాయి వచ్చి చూసి, డబ్బా మార్చాలన్నాడు. మరి లోపలున్నవి? రావన్నాడు. డిస్కు విప్పి కంప్యూటర్‌కి తగిలించినా చదవలేం, అన్నీ ఆ డబ్బాకే తాళం వేసి ఉంటాయట. ఛానెళ్ల సొత్తు బయటికి పోకుండా ఆ ఏర్పాటు. వాళ్ల కారణం వాళ్లకుంది. ఫోన్‌లో ఎంతమందికి చెప్పినా అదే జవాబు, ఎంతో మర్యాదగా. కొత్త డబ్బా రెండ్రోజుల్లో తెస్తానని ఆ అబ్బాయి వెళ్లాడు.

ఆ రాత్రి మా అమ్మాయి స్టూలు మీద నిఘంటువులు పేర్చి, వాటికి ఫోన్ ఆనించి, టీవీ తెరని ఫోన్‌తో తీయడం మొదలుపెట్టింది. ఫ్యాన్ ఆపేశాం. వీధి తలుపు దగ్గర మావారు కూర్చున్నారు, ఎవరూ బెల్లు కొట్టకుండా. నలభై నిమిషాలకి ఫోన్‌లో జాగా అయిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఫోన్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మలన్నీ చెరిపేసి దాంతో ఇంకో నలభై, మావారి ఫోన్‌తో మిగతాది. మధ్యలో రెండుసార్లు డబ్బా ఆగిపోయింది, వెనక్కి జరిపి మళ్లీ పెట్టాం. పూర్తయ్యేసరికి రాత్రి ఒంటిగంట.

అత్తయ్యగారు అంతసేపూ తన గదిలోనే ఉన్నారు, తలుపు దగ్గరగా వేసుకుని. మూడో ముక్కలో ఒకచోట మామయ్యగారు అవధానిగారిని, ఇంతకీ ఈ పద్యం పూర్తయ్యేలోపు ప్రసాదం చల్లారదు కదా అని అడుగుతారు. సభంతా నవ్వుతుంది. ఆ నవ్వులో ఇంకో నవ్వు కూడా వినిపిస్తుంది, తెరలోంచి కాదు. గదిలోంచి.

ఇప్పుడు మాకున్న కొత్త డబ్బాలో డిస్కు లేదు. కావాలంటే వెనక తగిలించుకోవచ్చు, అదీ ఆ డబ్బాకే తాళం. పిల్లలు అసలు రికార్డింగ్ మాటే ఎత్తరు, అన్నీ ఓటీటీలో ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, వాళ్ల ఒప్పందం ఉన్నంతకాలం. కిందటి నెల అత్తయ్యగారు సగం చూసి ఆపిన పాత సినిమా ఈ నెల అక్కడ లేదు. నన్నడిగి చెరపలేదు, అంతే తేడా.

ఆ రెండు గంటలు మాత్రం మూడు ముక్కలుగా ఉన్నాయి. ఒక కాపీ బీరువాలో పెన్‌డ్రైవ్‌లో, ఒకటి హైదరాబాదులో మా మరిది దగ్గర, ఒకటి ఆడపడుచు దగ్గర, ఒకటి అత్తయ్యగారి ఫోన్‌లో. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ ఫోన్ దిండు పక్కన బోర్లా పెట్టుకుని వింటారు. బొమ్మ ఇప్పటికీ చూడరు. వారం కిందట ఆ ఫోన్ కూడా జాగా లేదని మొదలుపెడితే, కూర్చుని ప్రవచనాలు కొన్ని తీసేసి ఇచ్చాను.